పట్టాల కింది దుంగ పాలకూర మడికి పనికిరాదు

మా అక్కా బావగార్లది సికింద్రాబాదు శివార్లలో చిన్న పెరడున్న ఇల్లు. ఉద్యోగ విరమణ తర్వాత బావగారు ఆ పెరట్లో ఆకుకూరలు, టమాటాలు పండించాలనుకున్నారు. మోకాళ్ల నొప్పి వల్ల ఆయన వంగి పనిచేయలేరు. అందుకని నేల కన్నా ఎత్తుగా, చుట్టూ గట్టున్న మడి కట్టించుకోవాలని నిర్ణయించారు. పాత రైల్వే స్లీపర్లతో కడితే చెదలు పట్టవు, మనవల కాలం దాకా ఉంటాయని ఎవరో చెప్పారు. ఊరి బయట పాత కలప అమ్మేచోట ఆరు స్లీపర్లు దొరికాయి. రెండు వరుసలుగా పేర్చి, మూలల్లో ఇనుప మేకులు దిగ్గొట్టి, అడుగున్నర ఎత్తున మడి కట్టించారు. చూడటానికి నిజంగా బాగుంది. "చూడరా, మీ బావగారికి కూర్చోవడానికి బెంచీ కూడా అయింది" అని అక్క ఫోనులో ఫొటో పంపింది.

ఆ మే నెలలో ఎండ ముదిరాక స్లీపర్ల పగుళ్ల నుంచి నల్లటి జిగురు కారడం మొదలైంది. ఆరేళ్ల మనవరాలు ఆ గట్టు మీద కూర్చుని ఆడుకుంటూ తొడలకూ, అరచేతులకూ ఆ జిగురు పూసుకుంది. సబ్బుతో కడిగితే పోలేదు. మర్నాడు ఎండలోకి వెళ్లగానే అవే చోట్ల చర్మం ఎర్రగా కమిలింది. తారు లాంటిదేదో అంటిన చర్మానికి ఎండ తగిలితే ఇలాగే అవుతుందని చర్మ వైద్యురాలు చెప్పారు. అప్పుడు బావగారు నన్ను అడిగారు: "ఇది చర్మానికే ఇంత చేస్తే, ఆ మడిలో పాలకూర సంగతేమిటి?"

ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎత్తు మడి మంచి ఆలోచన. పాత వస్తువును మళ్లీ వాడుకోవడం కూడా మంచి అలవాటే. కానీ ఒక వస్తువు ఏ పని కోసం, ఏ రసాయనంతో తయారైందో తెలియకుండా దాన్ని తిండి పండే చోటికి తేవడం మంచిది కాదు. ఆ సంగతి కొనేవాడికి తెలియజేసే బాధ్యత అమ్మేవాడి మీద ఉండాలి.

ఎత్తు మడి చేసే మేలు

మొక్క వేరుకు నీరు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేరుకు ఆక్సిజన్ అందదు, అది కుళ్లిపోతుంది. నల్లరేగడి నేలల్లో వానాకాలం జరిగేది ఇదే. ఆ మట్టిలోని బంకరేణువులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, నీరు కిందికి దిగదు. మడిని ఎత్తు చేస్తే అదనపు నీరు పక్కలకు జారిపోతుంది. మన రైతులకు ఇది కొత్త విషయం కాదు. పసుపునూ, మిరపనూ బోదెల మీద వేయడం వెనక ఉన్నది ఈ సూత్రమే.

రెండో లాభం, మడిలో ఎవరూ నడవరు. అడుగుల బరువుకు మట్టి అణగదు కాబట్టి వేళ్లు సులువుగా లోతుకు పోతాయి, వానపాములు బతుకుతాయి. మూడోది, రాళ్లూ ఇసుకా సిమెంటు పెళ్లలూ నిండిన కొత్త కాలనీ స్థలాల్లో కూడా మంచి మట్టి తెచ్చి పోసుకునే వీలుంటుంది. నాలుగోది పెద్దవాళ్లకు వంగే బాధ తగ్గడం. మడి వెడల్పు నాలుగడుగులు దాటకుండా ఉంటే రెండు వైపుల నుంచీ చేయి మధ్య వరకు అందుతుంది.

అయితే ఎత్తు మడి అన్ని ఊళ్లకూ ఒకేలా పనికిరాదు. నాలుగు పక్కలా గాలి, ఎండ తగలడం వల్ల అది త్వరగా ఎండిపోతుంది. అనంతపురం లాంటి తక్కువ వాన ప్రాంతాల్లో నేల కన్నా కాస్త పల్లంగా తీసిన మడే నీటిని బాగా పట్టి ఉంచుతుంది. అక్కడ ఎత్తు మడి కట్టుకునేవాళ్లు ఎండాకులతోనో గడ్డితోనో మట్టిని కప్పి ఉంచక తప్పదు.

దుంగకు మందు ఎందుకు పట్టించారు

ఇక స్లీపర్ సంగతి. మన దేశంలో బ్రాడ్‌గేజ్ చెక్క స్లీపర్ కొలత సుమారు 275 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు, 13 సెంటీమీటర్ల మందం. రైలు మార్గంలో ప్రతి కిలోమీటరుకు ఇలాంటివి వెయ్యికి పైగా కావాలి. పందొమ్మిదో శతాబ్దంలో దేశమంతా పట్టాలు పరుచుకుంటున్నప్పుడు ఈ అవసరమే అడవులను ఖాళీ చేసింది. 1864లో అటవీ శాఖ ఏర్పడి, జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిక్ బ్రాండిస్ దానికి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ కావడానికి ముఖ్య కారణాల్లో స్లీపర్ల కలప కొరత ఒకటి.

టేకు, సాల్, దేవదారు వంటి చెట్ల చేవలో సహజంగానే బూజునూ చెదలనూ అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. చేవ ఉన్న మనిషి అని మనం ఊరికే అనం. ఆ కలప ఏ మందూ లేకుండానే పట్టాల కింద ఏళ్ల తరబడి నిలిచింది. కానీ అలాంటి చెట్లు ఎన్ని ఉంటాయి? హిమాలయాల్లో విరివిగా పెరిగే చీర్ పైన్ వంటి మెత్తని కలపను వాడాలంటే, లేని చేవను బయటి నుంచి పట్టించాలి. బ్రిటన్‌లో జాన్ బెథెల్ 1838లోనే దీనికి ఒక పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. దుంగలను ఇనుప గదిలో పెట్టి, లోపలి గాలిని తోడేసి, ఒత్తిడితో క్రియోసోట్‌ను చెక్క లోపలి వరకు ఎక్కించడం ఆ పద్ధతి. మన దేశంలోనూ పంజాబులోని ధిల్వాన్, అస్సాంలోని నహర్‌కటియా వంటి చోట్ల స్లీపర్లకు మందు పట్టించే కర్మాగారాలు పనిచేశాయి. క్రియోసోట్‌ను ఇంధన నూనెతో కలిపి వాడేవారు.

క్రియోసోట్ అంటే బొగ్గు తారును వేడిచేసి వేరుచేసిన నూనె. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ తయారుచేసేటప్పుడు మిగిలేది తారు. క్రియోసోట్‌లో వందల రసాయనాలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు, పొట్టిగా పీఏహెచ్‌లు. బెంజీన్ వలయాలు తేనెపట్టు గదుల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉన్న అణువులివి. బూజుకూ చెదలకూ ఇవి విషం. చెక్క కుళ్లకపోవడానికి కారణం అదే.

అది తప్పు పని కాదని నా ఉద్దేశం. మందు పట్టించిన ప్రతి దుంగా అడవిలో మరో చెట్టును కొన్నేళ్ల పాటు కాపాడింది. పట్టాల కింద, మనుషులు తాకని చోట, ఆ విషానికి ఒక ప్రయోజనం ఉంది. దాన్ని అక్కడి నుంచి లేపి మన పెరట్లోకి తెచ్చినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది.

కుందేలు చెవి నుంచి నేర్చుకున్నది

బొగ్గు తారు గురించి సైన్సుకు తెలిసి వందేళ్లు దాటింది. 1775లో లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్, చిన్నతనం నుంచీ పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్లలో ఒక రకం చర్మ క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని గమనించి, దానికి మసి కారణమని రాశాడు. 1915లో జపాన్‌లో కత్సుసబురో యమగివా, కోయిచి ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి బొగ్గు తారు పూసి, అక్కడ క్యాన్సర్ పుట్టడం చూపించారు. తారులో ఆ పని చేస్తున్న పదార్థం ఏదన్నది తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1930ల మొదట్లో లండన్ పరిశోధకులు రెండు టన్నుల పిచ్ నుంచి అంచెలంచెలుగా వడకట్టి, అయిదు వలయాలున్న బెంజోపైరీన్‌ను వేరుచేశారు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ రోజు బెంజోపైరీన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో ఉంచింది. క్రియోసోట్‌లను బహుశా క్యాన్సర్ కలిగించేవి అనే 2ఏ వర్గంలో చేర్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2003 నుంచి క్రియోసోట్ పట్టించిన కలపను ఆట స్థలాల్లో, చర్మానికి తరచూ తగిలే అవకాశమున్న పార్కుల్లో, తోటల్లో, తోట బల్లలుగా, మొక్కలు పెంచే తొట్లుగా వాడటం నిషిద్ధం. పాత స్లీపర్లకూ ఈ నిషేధం వర్తిస్తుంది. అమెరికాలోనూ ఇళ్లలో వాడకానికి క్రియోసోట్‌కు అనుమతి లేదు.

వాసన పోతే ప్రమాదం పోదు

"ముప్పయ్యేళ్ల పాత దుంగ, మందంతా ఎప్పుడో ఆవిరైపోయింది" అని పాత కలప అమ్మేవాళ్లు చెబుతుంటారు. ఇందులో సగమే నిజం. రెండు, మూడు వలయాలున్న చిన్న అణువులు, అంటే కలరా ఉండల్లోని నాఫ్తలీన్ లాంటివి, నిజంగానే గాలిలో కలిసిపోతాయి. కొంత నీటితో పోతాయి, కొంత సూక్ష్మజీవులు తినేస్తాయి. ఘాటైన వాసన వచ్చేది వీటి నుంచే. నాలుగైదు వలయాలున్న పెద్ద అణువులకు ఆవిరయ్యే గుణం చాలా తక్కువ, నీటిలో దాదాపు కరగవు, సూక్ష్మజీవులకు కూడా అంత తేలిగ్గా లొంగవు. అందువల్ల కాలం గడిచేకొద్దీ దుంగలో వాసన తగ్గి, ఎక్కువ హాని చేసే భాగం మిగిలిపోతుంది. పైపొర ఎండినా లోపల నూనె ఉంటుంది. నలభై డిగ్రీలు దాటిన ఎండలో అది పలచబడి పగుళ్ల గుండా బయటికి వస్తుంది. యూరప్ వేసవిలో అప్పుడప్పుడూ కనిపించే ఈ జిగురు మనకు ప్రతి ఏటా మూడు నెలలు కనిపించవచ్చు.

పైగా స్లీపర్‌లో ఉండేది క్రియోసోట్ ఒక్కటే కాదు. దశాబ్దాల పాటు దాని మీద ఇంజన్ నూనె, గ్రీజు, బ్రేకుల లోహపు ధూళి పడ్డాయి. పట్టాల పక్కన కలుపు చావడానికి మందులు చల్లారు. బయో టాయిలెట్లు రాకముందు బోగీల మరుగుదొడ్లన్నీ పట్టాల మీదికే తెరుచుకునేవన్న సంగతి మనందరికీ తెలుసు.

కొన్ని పాత స్లీపర్లు మందు అవసరం లేని సాల్, టేకు చేవతో చేసినవి అయ్యుంటాయన్నది నిజమే. కానీ నూనె, ధూళి పట్టి అన్నీ ఒకేలా నల్లగా మారాక, కంటితో చూసి ఏది మందు పట్టించినదో, ఏది కాదో చెప్పడం కష్టం. తెలియనప్పుడు మందు ఉందనే అనుకోవడం తెలివైన పని.

మరి పాలకూరలోకి వస్తుందా?

బావగారి ప్రశ్నకు భయపెట్టకుండా, దాచిపెట్టకుండా సమాధానం చెప్పాలి. పీఏహెచ్‌లు నూనెలో కరిగేవి, నీటిలో కరగనివి. మొక్క వేరు పీల్చేది నీటిని. మట్టిలోకి దిగిన పీఏహెచ్‌లలో ఎక్కువ భాగం పేడ ఎరువు, కుళ్లిన ఆకుల వంటి సేంద్రియ పదార్థానికి గట్టిగా అంటుకుంటుంది. కాబట్టి వేరు నుంచి కాండం గుండా ఆకులకూ కాయలకూ చేరేది తక్కువే. టమాటా, వంకాయ, బెండకాయ వంటి వాటిలో ఈ భయం బాగా తక్కువ.

రెండు రకాల పంటలతో మాత్రం జాగ్రత్త పడాలి. ఒకటి ముల్లంగి, క్యారట్, బీట్‌రూట్ లాంటి దుంపలు. వీటి తొక్క నేరుగా మట్టిని తాకుతూ ఉంటుంది, అక్కడ పీఏహెచ్‌లు పేరుకుంటాయి. రెండోది నేలను అంటిపెట్టుకుని పెరిగే ఆకుకూరలు. వాన చినుకు పడినప్పుడు చిందే మట్టి ఆకు వెనక భాగానికి అంటుకుంటుంది. దుంగ నుంచి లేచే ఆవిరి కూడా ఆకు మీది మైనపు పొరలో చేరుతుంది. దుంగకు ఆనుకుని ఉన్న జానెడు మట్టిలో మోతాదు ఎక్కువ, మధ్యకు వెళ్లేకొద్దీ తగ్గుతుంది.

ఇలా చూస్తే, ఒక పూట ఆ పాలకూర పప్పు తిన్నందుకు ఎవరికీ ఏమీ కాదు. అసలు ప్రమాదం తిండి కన్నా తాకిడిలో ఎక్కువ. గట్టు మీద రోజూ కూర్చునే పెద్దాయన, మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకునే పిల్ల, రంపంతో దుంగను కోసి ఆ పొట్టును పీల్చిన కూలీ, వీళ్లకే ఎక్కువ ముప్పు. కోత పనికి వచ్చిన ఆ కూలీకి ముక్కుకు గుడ్డ కట్టుకోమని కూడా ఎవరూ చెప్పి ఉండరు. క్యాన్సర్ కారకాల విషయంలో పాటించే నియమం ఒక్కటే. తప్పించుకోగలిగిన మోతాదును తప్పించుకోవాలి. రాయితో, ఇటుకతో అదే మడి కట్టుకునే వీలున్నప్పుడు ఈ మోతాదును కొని తెచ్చుకోవడం ఎందుకు?

డెహ్రాడూన్ నుంచి వచ్చిన మరో పాఠం

కలపకు మందు అనగానే మనం గుర్తు చేసుకోవలసిన పేరు సొంటి కామేశం. ఆ ఇంటిపేరు తెలుగువాళ్లకు పరిచయమైనదే. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన ఈ శాస్త్రవేత్త 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను కలిపి కొత్త మందు కనిపెట్టారు. రాగి బూజును చంపుతుంది, ఆర్సెనిక్ చెదలను చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ చెక్క నారకు కట్టి పడేస్తుంది. తారు జిగురు లేదు, వాసన లేదు. పొట్టిగా సీసీఏ అని పిలిచే ఈ మందు ప్రపంచమంతా పాకింది. కరెంటు స్తంభాల నుంచి ఇంటి వరండాల వరకు, చివరికి పిల్లల ఉయ్యాలల వరకు అదే కలప వాడారు.

అయితే చెక్కలో కట్టుబడిన ఆర్సెనిక్ కొద్దికొద్దిగా వాన నీటితో చుట్టూ ఉన్న మట్టిలోకి దిగుతోందని తర్వాత తేలింది. ఆర్సెనిక్ పీఏహెచ్‌లా కాదు, నీటితో కదులుతుంది, వేరు దాన్ని పీల్చుకోగలదు. అమెరికాలో 2003 చివరికల్లా తయారీదారులు ఇళ్ల అవసరాలకు సీసీఏ కలప చేయడం మానుకున్నారు. స్తంభాలకూ, సముద్రపు రేవుల దుంగలకూ అది ఇంకా వాడుకలో ఉంది.

కామేశం ఆవిష్కరణ గొప్పదే. ఎన్నో అడవుల మీద గొడ్డలి వేటును తగ్గించింది. ఆ మందు వాడుక ఎక్కడ ఆగాలో గీత గీయడానికి మాత్రం ప్రపంచానికి డెబ్భై ఏళ్లు పట్టింది. మనం వాడిన వస్తువులను మళ్లీ వాడేటప్పుడు ఆ గీతను తుడిచేస్తున్నాం. కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత కరెంటు స్తంభపు చెక్క కనబడినా మడికి వద్దని చెప్పడానికి కారణం ఇదే.

వాడేసిన ఇంజన్ ఆయిల్ పూయడం, చెక్కకు తారు రాయడం, చుట్టూ చెదల మందు పోయడం కూడా ఇదే కోవలోని పొరపాట్లు. ఇంజన్‌లో కాగిన నూనెలో పీఏహెచ్‌లూ లోహాలూ రెండూ ఉంటాయి. మెకానిక్ షెడ్డులో ఊరికే దొరుకుతుందని దాన్ని మడి చెక్కలకు పూస్తే, కొత్త చెక్కను మన చేతులతోనే పాత స్లీపర్‌గా మార్చినట్టు.

మిద్దె మీద అయితే మరో లెక్క

హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు మిద్దెతోటల జోరు బాగా ఉంది. అది సంతోషమే. స్లీపర్ మడిని మిద్దె మీద కట్టాలనుకునేవాళ్లు మాత్రం రసాయనం కన్నా ముందు బరువు లెక్క వేసుకోవాలి.

గట్టి కలప స్లీపర్ ఒక్కోటి సుమారు 75 కిలోలు తూగుతుంది. మూడు స్లీపర్లతో ఒకే వరుస మడి కట్టి, 25 సెంటీమీటర్ల లోతు మట్టి నింపితే, తడిసిన మట్టి బరువే సుమారు 1,350 కిలోలు అవుతుంది. దుంగలతో కలిపి దాదాపు 1,600 కిలోలు. మడి ఆక్రమించే చోటు నాలుగున్నర చదరపు మీటర్లు. అంటే చదరపు మీటరుకు సుమారు 350 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలే. రెట్టింపు కన్నా ఎక్కువ బరువును, అదీ రాత్రీపగలూ, శ్లాబు మోయాలి. బావగారిలా రెండు వరుసలు పేరిస్తే ఇక చెప్పనక్కర్లేదు.

మిద్దె మీద తేలికైన తొట్లు, సంచులు, కొబ్బరి పొట్టూ వర్మీ కంపోస్టూ ఎక్కువగా కలిపిన మట్టి వాడాలి. బరువైనవి ఏవైనా శ్లాబు నడిమధ్యన కాకుండా దూలాలకూ గోడలకూ పైన వచ్చేలా పెట్టాలి. పెద్ద మడి కట్టాలంటే ముందు ఇంజనీరుకు చూపించాలి.

మరి దేనితో కట్టుకోవాలి?

స్లీపర్ మడి మనకు చల్లని దేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్. అక్కడ కూడా ఇప్పుడు కొత్తగా కోసిన, మందు పట్టించని ఓక్ దుంగలు వాడమని చెబుతున్నారు. మనకైతే అంత దూరం వెళ్లాల్సిన పని లేదు. తాండూరు, షాబాదు, కడప బండలు మన దగ్గరే దొరుకుతాయి. రెండడుగుల బండను అరడుగు భూమిలో పాతి నిలబెడితే అడుగున్నర గట్టు తయారు. చెదలు పట్టవు, కుళ్లవు, మట్టిలోకి హాని చేసేదేదీ వదలవు. బంకమట్టితో కాల్చిన ఇటుకలతోనూ కట్టుకోవచ్చు. కింది వరుసలో అక్కడక్కడా సందులు వదిలితే నీరు బయటికి పోతుంది.

చెక్కే కావాలనుకునేవాళ్లకు కూడా దారులున్నాయి. ముదురు తాటి మొద్దు పైభాగం గట్టిగా ఉంటుంది, కొన్నేళ్లు నిలుస్తుంది. కోస్తాలో సరుగుడు కర్రలు, వెదురు దొరుకుతాయి. కొబ్బరి మొద్దు రెండు మూడేళ్లలో మెత్తబడుతుంది, కానీ మెత్తబడినది మడిలోనే ఎరువవుతుంది. మందు పట్టించని చెక్క కొన్నేళ్లకు పోవడం లోపం కాదని నా అభిప్రాయం. చెదలు తినగలిగిన చెక్క అంటే అందులో విషం లేని చెక్క అని అర్థం. అయిదేళ్లకోసారి పలకలు మార్చుకోవడం, ముప్పయ్యేళ్ల పాటు తారును పక్కన పెట్టుకోవడం కన్నా మేలు.

సరుకుల పెట్టెలు, ప్యాలెట్ల చెక్క వాడేవాళ్లు దాని మీది ముద్ర చూడాలి. దేశాలు దాటే చెక్క ప్యాకింగుకు అంతర్జాతీయ నియమం ప్రకారం ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే పురుగులు చావడానికి వేడి చేశారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారని అర్థం, దాన్ని మడికి వాడవద్దు. హెచ్‌టీ చెక్క మీద కూడా నూనె, రసాయనాల మరకలుంటే వదిలేయడమే మంచిది.

ఇప్పటికే కట్టేసుకున్నవాళ్లు

కంగారు పడి ఆ దుంగలను ముక్కలు చేసి తగలబెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ పొగలో పీఏహెచ్‌లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. వంట పొయ్యిలోకి, నీళ్ల కాగు కిందికి ఆ చెక్క అసలే పోకూడదు. రంపపు పొట్టును కంపోస్టు గుంతలో వేయకూడదు.

వీలైతే కూరగాయలను వేరే మడికి మార్చి, ఆ మడిలో పూల మొక్కలు వేసుకోండి. వెంటనే మార్చలేకపోతే దుంపలూ ఆకుకూరలూ మానేసి, దుంగకు అడుగు దూరం వదిలి పందిరి కూరలు, కాయగూరలు వేయండి. దుంగకు ఆనుకున్న జానెడు మట్టిని తీసేయండి. లోపలి వైపు ప్లాస్టిక్ పట్టా పరిస్తే సరిపోతుందని కొందరంటారు. అది కొంత తగ్గిస్తుందేమో కానీ, తారు నూనె కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. పైగా పిల్లలు కూర్చునే పైవైపునూ బయటి వైపునూ పట్టా కప్పదు. దుంగలను కదిపేటప్పుడు చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఎండ లేని వేళ చూసుకుని పని చేయండి. చర్మానికి అంటితే వెంటనే సబ్బుతో కడుక్కోండి. పాత దుంగలను పిల్లలు తాకని చోట, బావికీ మడికీ దూరంగా పెట్టండి.

ఒక చిన్న ముద్ర చాలు

"మరి పాత వస్తువులను తిరిగి వాడమని మీరే చెబుతారు కదా" అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నా జవాబు ఏమిటంటే, తిరిగి వాడటం అంటే వస్తువు చరిత్రను కూడా వెంట తీసుకుని రావడం. దానికి రెండక్షరాల ముద్ర చాలని ప్యాలెట్ నిరూపిస్తోంది. దేశాల మధ్య తిరిగే ప్యాలెట్ చెక్కకు ఏం పట్టించారో ముద్ర చెబుతుంది. పిల్లలు కూర్చునే దుంగకు ఆ పాటి ముద్ర లేకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

నేను కోరేది పెద్ద ఖర్చు కాదు. పాత స్లీపర్లు వేలానికి వచ్చినప్పుడే "మందు పట్టించిన కలప: తిండి పంటలకు, ఆట స్థలాలకు, వంటచెరకుకు పనికిరాదు" అని వాటి మీద స్థానిక భాషలో రంగుతో రాయాలి. ఆ రాత వేలంలో కొన్నవాడి నుంచి చివరి కొనుగోలుదారు దాకా చెరగకుండా ఉండాలి. తోటల అలంకరణ నేర్పేవాళ్లు, వీడియోలు చేసేవాళ్లు, ఉద్యాన శాఖల శిక్షణ తరగతులు ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పాలి. కలప కోసే కూలీలకు మూతిగుడ్డ, చేతి తొడుగులు ఇవ్వాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు మన ఎండల్లో, మన నేలల్లో స్లీపర్ల నుంచి ఎంత కారుతుందో కొలిచి, తెలుగులో నాలుగు పేజీల కరపత్రం వేస్తే ఎంతోమందికి ఉపయోగపడుతుంది.

బావగారు ఆ వర్షాకాలం రాకముందే మడి విప్పించారు. స్లీపర్లను ప్రహరీ మూలన రేకు కింద పెట్టించి, దగ్గరికి ఎవరూ వెళ్లకుండా కంచె వేశారు. తాండూరు బండలతో అదే కొలతల కొత్త మడి తయారైంది, మట్టి కూడా కొత్తది. కూర్చోవడానికి పక్కనే ఒక బండ వేయించుకున్నారు. "అందం కాస్త తగ్గింది బావమరిదీ" అన్నారాయన, గోంగూర కట్ట నా చేతిలో పెడుతూ. మనవరాలు మాత్రం ఆ బండ మీద కూర్చుని సుద్దముక్కతో రైలు బొమ్మ గీస్తోంది.